ఎవరి రీచార్జితో ఎవరి పని?

ఇంట్లో తీగ ద్వారా ఇంటర్నెట్ వచ్చేవాళ్ళు బయటికి వెళ్ళినప్పుడు మొబైల్ డేటాని 'బ్యాకప్'గా వాడుకుంటారు. ఉద్యోగస్తులైన నా స్నేహితులు దీని గురించి ఒకరికొకరు సలహాలు చెప్పుకుంటూ ఉంటారు. ఫోనులో రెండు కంపెనీల సిమ్ములు ఉండాలి, ఒకటి అందని చోట రెండోది అందుతుంది. హాట్‌స్పాట్ పెట్టి ల్యాప్‌టాప్‌కి కలుపుకోవాలి. పవర్ బ్యాంకు మర్చిపోకూడదు. పల్లెల్లో తిరిగి ఆడవాళ్ళ పని గురించి వివరాలు సేకరించడం నా వృత్తి కాబట్టి నేనూ ఈ సరంజామా లేకుండా బయల్దేరను. ఈ ఏర్పాటులో తప్పేమీ లేదు. నా అభ్యంతరమల్లా ఆ మాటతోనే. అసలుదంటూ ఒకటి ఉన్నవాళ్ళకే కదా దానికి బ్యాకప్ ఉండేది? మన ఆడవాళ్ళలో ఎంతమందికి ఆ అసలుది ఉంది?

ట్రాయ్ లెక్కల ప్రకారం 2024 చివరికి దేశంలో బ్రాడ్‌బ్యాండ్ చందాదారులు సుమారు 94 కోట్లు. అందులో ఇంటికో ఆఫీసుకో తీగ వేయించుకున్నవాళ్ళు నాలుగు కోట్ల పైచిలుకు మాత్రమే. మిగతా చందాల్లో దాదాపు అన్నీ మొబైల్‌వే. ఇక ఆ మొబైల్ ఎవరి చేతిలో ఉందో చూడండి. 2019–21లో జరిగిన అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, తాము స్వయంగా వాడుకునే ఫోను ఉందని చెప్పిన స్త్రీలు ఆంధ్రప్రదేశ్‌లో 48.9 శాతం, తెలంగాణలో 60 శాతం. ఎప్పుడైనా ఒక్కసారైనా ఇంటర్నెట్ వాడామన్న స్త్రీలు ఆంధ్రప్రదేశ్‌లో 21 శాతం, మగవాళ్ళు 48.8 శాతం. తెలంగాణలో 26.5 శాతం, 57.4 శాతం. మన రెండు రాష్ట్రాల్లో ఈ సర్వే కరోనాకి ముందే జరిగింది కనుక ఈపాటికి ఆ అంకెలు పెరిగే ఉంటాయి. ఆ తేడా అంత తొందరగా పూడిపోయి ఉంటుందని మాత్రం నేను అనుకోను. సర్వే అడిగే 'వాడారా' అన్న ప్రశ్నకి, 'మీకు కావలసినప్పుడు, మీ డబ్బుతో, ఎవర్నీ అడక్కుండా వాడుకోగలరా' అన్న ప్రశ్నకి చాలా దూరం ఉంది.

ఆ డబ్బు లెక్క కూడా ఒకసారి చూద్దాం. 2024 జులైలో పెద్ద ప్రైవేటు కంపెనీలన్నీ ఒకేసారి రేట్లు పెంచాక, జియోలో రోజుకి ఒకటిన్నర జీబీ వచ్చే 28 రోజుల ప్లాను 239 నుంచి 299 రూపాయలయింది. 28 రోజులంటే నెల కాదు. ఏడాదికి పన్నెండు జీతాలు, పదమూడు రీచార్జిలు. 299 చొప్పున ఏడాదికి 3,887 రూపాయలు. ఆ రోజు వాటా అయిపోతే డేటా పూర్తిగా ఆగిపోదు, 64 కేబీపీఎస్‌కి పడిపోతుంది. ఆ వేగంలో ఒక దరఖాస్తు పేజీ తెరుచుకోదు, ఒక ఫోటో పైకి పోదు. గడువు దాటి రీచార్జి చెయ్యకపోతే కొద్ది రోజులకి బయటినుంచి వచ్చే మెసేజీలు కూడా ఆగిపోతాయి. అంటే ఓటీపీ కూడా రాదు. ఇవాళ ఓటీపీ లేకుండా ఏ పని జరుగుతుందో మీరే చెప్పండి.

ఈ డబ్బు ఇంటి ఖర్చుల్లో ఎక్కడ చేరుతుందో గమనించారా? చాలా ఇళ్ళల్లో మగవాడి రీచార్జి కరెంటు బిల్లులాగా తప్పనిసరి ఖర్చు. ఆవిడ రీచార్జి చేతిలో డబ్బులు ఆడినప్పుడు చేయించుకునేది. "నాకేం పనుందిలెండి ఫోనుతో" అని వాళ్ళే అంటారు. అయితే పని లేని ఆ ఫోనులోనే పిల్లవాడి స్కూలు గ్రూపు, గ్యాసు బుకింగు, పొదుపు సంఘం మీటింగు కబురు, అత్తగారి ఆసుపత్రి టోకెను అన్నీ నడుస్తుంటాయి. వంటిల్లు ఎలా పనిగా లెక్కకి రాలేదో ఇదీ అలాగే లెక్కకి రావడం లేదు.

ఇదంతా ఇంటి వ్యవహారం, ఇంట్లోనే తేల్చుకోవచ్చు అనేవాళ్ళుంటారు. నేను ఇక్కడ ముఖ్యంగా చెప్పదలచుకున్నది మరొకటి. ఆడవాళ్ళ సొంత డబ్బుతో వేయించుకున్న ఈ డేటా మీద ప్రభుత్వాలు తమ పని నడుపుకుంటున్నాయి. పల్లెలో కేంద్రానికి ఇంటర్నెట్ ఏర్పాటు చెయ్యరు. అక్కడ పనిచేసే మనిషి చేతిలో ఫోను ఉంది కదా అనుకుంటారు. మనకి బ్యాకప్ మొబైల్ డేటా. ప్రభుత్వానికి బ్యాకప్ ఆ అంగన్‌వాడీ కార్యకర్త.

పోషణ్ ట్రాకర్ అనే యాప్ 2021 మార్చిలో వచ్చింది. కేంద్రం తెరిచిన ఫోటో దగ్గర్నుంచి పిల్లల హాజరు, బరువు, ఎత్తు, గర్భిణుల వివరాలు అన్నీ అందులో ఎక్కించాలి. చేసిన పనికిచ్చే ప్రోత్సాహకం కార్యకర్తకి నెలకి 500, ఆయాకి 250 రూపాయలు. దానికీ పని యాప్‌లో కనబడాలి. నాగర్‌కర్నూలు జిల్లాలో నల్లమల అంచున ఉన్న ఒక ఊళ్ళో ఒక కార్యకర్తతో రెండు రోజులు గడిపాను. కేంద్రం గదిలో సిగ్నల్ అందదు. ఊరి బయట బడి వెనక ఒక బండ ఉంది, దాని మీద నిలబడితే అందుతుంది. బాలామృతం పంచి, పిల్లల్ని పడుకోబెట్టి, ఆయాకి అప్పజెప్పి మధ్యాహ్నం ఆమె ఆ బండ దగ్గరికి పోతుంది. "నెట్ ఉంటె సర్వర్ ఉండదు, సర్వర్ ఉంటె నెట్ ఉండదు మేడం. రెండూ ఉన్ననాడు నా డాటా అయిపోతది" అని నవ్వింది. డిపార్టుమెంటు ఇచ్చిన ఫోను పాడై మూడు నెలలయింది. సొంత ఫోనులో చెయ్యమన్నారు. ఆ సొంత ఫోను కూడా పూర్తిగా ఆమెది కాదు, సాయంత్రమైతే కొడుకు చేతికి పోతుంది. పొద్దున లేచేసరికి వాటా మిగలకపోతే ఆ పూట కేంద్రం తెరవనట్టే, కనీసం యాప్ దృష్టిలో. మరి అలాంటప్పుడు ఏం చేస్తావమ్మా అని అడిగితే, "పక్కింటి పిల్లగాని ఫోన్ల హాట్‌స్పాట్ అడుగుత. రోజూ అడిగితె బాగుండదు గద" అంది.

నేను ఆ ఊళ్ళో ఉన్న రెండు రోజులూ నా హాట్‌స్పాట్ వాడుకుంది. నా రెండో సిమ్ము అక్కడ పనిచేసింది. ఆమెకి రెండో సిమ్ము వేయించుకోవడం అంటే ఏడాదికి ఇంకో పదమూడు రీచార్జిలు. 2023 డిసెంబరు 12న సమ్మెలోకి దిగేనాటికి ఆంధ్రప్రదేశ్‌లో అంగన్‌వాడీ కార్యకర్త గౌరవ వేతనం నెలకి 11,500 రూపాయలు. ఆ సమ్మె నలభై రెండు రోజులు నడిచింది. అత్యవసర సర్వీసులని చెప్పి వాళ్ళమీద ఎస్మా ప్రయోగించారు. సమ్మె చేస్తే అత్యవసర సర్వీసు, జీతం దగ్గరికొచ్చేసరికి 'గౌరవ వేతనం', 'స్వచ్ఛంద సేవ'. ఇది పాత సంగతే, ఈ పత్రిక పాఠకులకి నేను కొత్తగా చెప్పక్కరలేదు. ఇంతకీ అంత అత్యవసరమైన సర్వీసుకి సరిపడా ఇంటర్నెట్ పెట్టడానికి చేతులు రావు.

ఇప్పుడు ఈ భారం సేవ చేసే ఆడవాళ్ళ దగ్గర ఆగడం లేదు, సేవ అందుకోవలసిన ఆడవాళ్ళ మీదికి కూడా వచ్చింది. 2025 జులై 1 నుంచి ఇంటికిచ్చే పోషకాహారం పంపిణీకి ముఖ గుర్తింపు తప్పనిసరి చేశారు. దానికి ముందు ఆధార్‌తో ఈ-కేవైసీ, ఆధార్‌కి కలిపిన నంబరుకి ఓటీపీ. ఆ నంబరు ఎవరిది? చాలాసార్లు భర్తది. ఆయన హైదరాబాదులో సెంట్రింగు పనిలో ఉంటాడు. ఫోన్ చేసి ఓటీపీ చెప్పమంటే, ఎవరికీ చెప్పొద్దని బ్యాంకువాళ్ళు అన్నారుగా అంటాడు. ఆయన అనేదీ నిజమే! 2013 ఆహార భద్రత చట్టంలోని నాలుగో సెక్షను గర్భిణికీ, ప్రసవమయ్యాక ఆరు నెలలదాకా తల్లికీ పోషకాహారాన్ని హక్కుగా ఇచ్చింది. ఆ సెక్షనులో నెట్‌వర్కు ఉంటేనే అని ఎక్కడా లేదు.

ఉపాధి హామీ పనుల్లోనూ ఇదే చూశాం. 2022 మే నుంచి ఇరవై మంది లేదా అంతకు పైగా ఉన్న పనుల్లోనూ, 2023 జనవరి 1 నుంచి దాదాపు అన్ని పనుల్లోనూ హాజరు ఫోను యాప్ ద్వారానే వెయ్యాలన్నారు. రోజుకి రెండుసార్లు కూలీల ఫోటోలు తియ్యాలి. ఫోను మేటుది, డేటా మేటుది. కూలీల్లో సగానికి పైగా ఆడవాళ్ళు. వాళ్ళు పొద్దున్నే పోయి ఇచ్చిన కొలత తవ్వేసి, ఎండ ముదరకముందే ఇంటికొచ్చి వంట, పశువులు చూసుకునేవాళ్ళు. కొలతని బట్టి కూలి ఇచ్చే పనిలో ఆ వెసులుబాటు వాళ్ళు కష్టపడి సంపాదించుకున్నదే. రెండో ఫోటో కోసం అక్కడే పడి ఉండాల్సి వచ్చింది. ఫోటో ఎక్కకపోతే చేసిన పని చెయ్యనట్టయింది. దీని మీద 2023 మొదట్లో ఢిల్లీ జంతర్ మంతర్ దగ్గర కూలీలు వారాల తరబడి కూర్చున్నారు. 2025 డిసెంబరులో పార్లమెంటు ఆ చట్టం స్థానంలో వేరే చట్టం చేసింది. కొత్త చట్టంలోనూ బయోమెట్రిక్, మొబైల్ పర్యవేక్షణ ఉన్నాయి. మేటు రీచార్జి ఎవరు కడతారన్నది అప్పుడూ ఎవరూ మాట్లాడలేదు.

ఇక చోటు సంగతి. సిగ్నల్ దొరికే చోటల్లా ఆడవాళ్ళు నిలబడగలిగే చోటు కాదు. ఊరి బయట బండ, చెరువుగట్టు, బస్టాండు, డాబా. మగపిల్లలు రాత్రి పదింటిదాకా చెరువుగట్టున కూర్చుని ఫోను చూసుకుంటారు. అదే చోట ఒక అమ్మాయి కాలేజీ దరఖాస్తు నింపుకుంటూ కూర్చోగలదా? నా సంగతే చెప్తాను. నేను దిగే చిన్న ఊళ్ళ లాడ్జిల్లో వైఫై రిసెప్షన్ దగ్గర మాత్రమే అందుతుంది. రాత్రి తొమ్మిదింటికి అక్కడి సోఫాలో ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్న ఒంటరి ఆడమనిషిని వచ్చేపోయేవాళ్ళు ఎలా చూస్తారో వేరే చెప్పక్కరలేదు. గదిలోకొచ్చి తలుపేసుకుని నా సొంత డేటా ఖర్చు పెట్టుకుంటాను. ఆ ఖర్చు నాకు భారం కాదు. కానీ అది ఆడదాన్నయినందుకు నేను కడుతున్న అదనపు ఛార్జీ.

హాస్టళ్ళ విషయం కేరళలో కోర్టుదాకా పోయింది. కోజికోడ్ జిల్లాలో ఒక కాలేజీ అమ్మాయిల హాస్టల్లో సాయంత్రం ఆరు నుంచి పదిదాకా ఫోన్లు ఇచ్చెయ్యాలని నియమం పెడితే, ఒప్పుకోని విద్యార్థినిని బయటికి పంపారు. 2019 సెప్టెంబరులో ఫాహిమా షిరీన్ కేసులో కేరళ హైకోర్టు, ఇంటర్నెట్ అందుబాటు విద్యా హక్కులోనూ గోప్యతా హక్కులోనూ భాగమని, అవి రాజ్యాంగం 21వ అధికరణ కిందికే వస్తాయని చెప్పి, ఆమెని మళ్ళీ హాస్టల్లో చేర్చుకోమంది. ఇల్లు విడిచి వచ్చిన ఆడపిల్లకి ఆ ఫోనే గ్రంథాలయం. మన దగ్గర ఎన్ని సంక్షేమ హాస్టళ్ళలో, ఎన్ని ప్రైవేటు హాస్టళ్ళలో ఆ తీర్పు గురించి చెప్పుకున్నారు? 'చెడిపోతారు' అనే మాట ముందు తీర్పులు నిలవడం లేదు.

ఇంకో మాట. ఇంటి కనెక్షనే అసలుది, బయటిది రెండోది అనుకోవడంలోనే ఇల్లు అందరికీ ఒకటేనన్న ఊహ ఉంది. వైఫై పాస్‌వర్డు భర్త మార్చేస్తే, ఫోను తీసి ఎవరితో మాట్లాడావని అడుగుతుంటే, ఆ ఇంటి ఇంటర్నెట్ ఆమెకి ఏ రకంగా అసలుది? దెబ్బలు తిన్న స్త్రీ సలహా కోసం వెతకాలన్నా, తన పేర బ్యాంకు ఖాతా తెరవాలన్నా ఇంటి బయట దొరికే ఇంటర్నెట్టే ఆమెకి మొదటిది. సలహా కేంద్రాల్లో పనిచేసే మన కార్యకర్తలకి ఇది రోజూ కనబడే విషయమే.

మరి ఇంటి బయట ఉమ్మడిగా ఏముంది? పసుపు రంగు ఎస్టీడీ బూతులు గుర్తున్నాయా? ఇంట్లో ఫోను లేని ఆడవాళ్ళు చిల్లర పట్టుకుని పోయి, అద్దాల తలుపేసుకుని, పుట్టింటివాళ్ళతో మాట్లాడి వచ్చేవాళ్ళు. ఎవరి పేరూ చెప్పక్కరలేదు. ఆ బూతుల నమూనాలోనే ఊరూరా చిన్న దుకాణాల్లో వైఫై అమ్మించాలని 2020 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గం పీఎం-వాణి పథకాన్ని ఆమోదించింది. అంతకుముందు 2018 టెలికాం విధానంలో 2022కల్లా కోటి పబ్లిక్ హాట్‌స్పాట్‌లు అని రాసుకున్నారు. ఆ దరిదాపులకి కూడా పోలేదు. రైల్వే స్టేషన్లలో ఉచిత వైఫై ఉంది, మంచిదే. కానీ దానిలోకి వెళ్ళాలన్నా మొబైల్ నంబరు కొట్టాలి, ఓటీపీ రావాలి. మొబైల్ లేనప్పుడు ఆదుకోవాల్సిన ఏర్పాటుకి మొబైల్ కావాలి! రీచార్జి లేక మెసేజీ రాని ఆడమనిషి ఆ వైఫై కింద కూర్చుని కూడా దాన్ని వాడుకోలేదు.

ప్రభుత్వం ఇంటర్నెట్ ఆపేసినప్పుడు సంగతి ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. తరచుగా మొదట ఆపేది మొబైల్ డేటానే. 2022 మే 24న అమలాపురంలో అల్లర్లయ్యాక కోనసీమలో రోజుల తరబడి ఇంటర్నెట్ లేదు. ఇంటినుంచి పనిచేసే సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు సిగ్నల్ కోసం గోదావరి ఒడ్డుకీ, పక్క ఊళ్ళకీ వెళ్ళారని పత్రికల్లో వచ్చింది. మోటారుసైకిలు ఉండి, ఇంట్లో పసిపిల్లలు లేనివాళ్ళకి అది కుదురుతుంది. అదే ఉద్యోగం చేసే బాలింతకి కుదరదు. వెలుగు సంఘాల లెక్కలు ఎక్కించే అమ్మాయికి కుదరదు. 2020 జనవరిలో అనురాధా భసీన్ కేసులో సుప్రీంకోర్టు, ఇంటర్నెట్ ద్వారా మాట్లాడే స్వేచ్ఛకీ వృత్తి చేసుకునే స్వేచ్ఛకీ రాజ్యాంగ రక్షణ ఉందని చెప్పింది. షట్‌డౌన్ ఉత్తర్వులు ప్రచురించాలని కూడా చెప్పింది. కోనసీమ అల్లర్ల గురించి నాకు వేరే చెప్పాల్సింది చాలా ఉంది, ఒక జిల్లాకి అంబేద్కర్ పేరు పెడితే ఇళ్ళు తగలబెట్టిన కులాహంకారం గురించి. అది ఇంకో వ్యాసం.

ప్రపంచంలోనే చవకగా మన దేశంలో డేటా దొరుకుతోంది కదా, ఇంత రాద్ధాంతం ఎందుకు అని నన్ను ఒక సదస్సులో ఒకాయన అడిగారు. 2016 తర్వాత ధర బాగా పడిపోయిన మాట నిజమే. అంత చవకైతే యజమాని కట్టడానికి ఏమిటి అడ్డం? ఏ బ్యాంకు అయినా తన మేనేజరుని సొంత రీచార్జితో శాఖ నడుపుకోమంటుందా? నడపమంటే ఆయన ఊరుకుంటాడా? ఆడవాళ్ళని అడుగుతున్నారు, అందులోనూ ఎక్కువగా దళిత, బహుజన, ఆదివాసీ ఆడవాళ్ళని. అడిగినా కాదనరన్న ధైర్యంతో అడుగుతున్నారు.

అంగన్‌వాడీ, ఆశా, వీఓఏ సంఘాలు తమ కోర్కెల పత్రాల్లో జీతంతోపాటు ఈ ఖర్చుని విడిగా రాయాలని నా అభిప్రాయం. పనికి ఫోను కావాలంటే ఫోనూ, పదమూడు రీచార్జిలూ, పాడైతే మరమ్మతూ యజమానివే. కేంద్రానికి తీగ వెయ్యాలి. పంచాయతీదాకా ఆప్టికల్ ఫైబర్ తీసుకెళ్ళే పథకాన్ని 2011లోనే ఆమోదించారు. పంచాయతీ ఆఫీసునుంచి అంగన్‌వాడీ కేంద్రందాకా ఉండే ఆ కొద్దిపాటి దూరం ఇన్నేళ్ళుగా ఆ మనిషి నడుస్తోంది. నెట్‌వర్కు లేని రోజు రిజిస్టరులో రాసినది చెల్లాలి. యాప్‌లో ఎక్కలేదని ఏ గర్భిణికీ గుడ్లు, పాలు ఆపకూడదు. పబ్లిక్ వైఫైకి ఓటీపీ కాకుండా, దుకాణంలో డబ్బులిచ్చి కొనుక్కునే చీటీ లాంటి ఇంకో దారి ఉండాలి. ఆ దుకాణాల్ని మహిళా సంఘాలకి ఇవ్వచ్చు, అప్పుడు ఆడపిల్లలు కూర్చునే చోటు కూడా అవుతుంది.

పోటీ పెట్టి యాప్‌లు తయారుచేసే అధికారులు ఈ ఖర్చు లెక్క కట్టరు, మనమే కట్టాలి. నేను కలిసిన కార్యకర్తల్లో ఒక్కరి దగ్గర కూడా రీచార్జి రసీదులు లేవు. ఫోను దుకాణంలో డబ్బులిచ్చి చేయించుకోవడమే, రసీదు అడగాలని తోచదు. దుకాణంవాడి చేత ఒక చిన్న నోటుపుస్తకంలో తారీఖు, మొత్తం, సంతకం పెట్టించుకోమని చెప్పాను. నల్లమల కార్యకర్త వెంటనే ఒక పాత రిజిస్టరు తీసి, వెనక పేజీల్లో గీతలు కొట్టుకుంది. మొదటి గడిలో ఏం రాయాలి అని అడిగింది. "డిపార్టుమెంటు కోసం పెట్టిన సొంత డబ్బు" అని రాయమన్నాను. కాసేపు ఆలోచించి, 'డిపార్టుమెంటు బాకీ' అని రాసుకుంది.